మొలొచ్నా నుండి నల్లగొండకు



నేను సికింద్రాబాదుకు రాకముందు ఒక పల్లె సంఘమునకు కాపరిగా ఉన్న దినములలో జరిగిన సంగతి యొకటి మొదట చెప్పెదను. ఒక గురువారము సాయంకాలము సంఘస్థుడొకడు తన కుమారుని వెంటబెట్టుకొని నా యింటికి వచ్చెను. శనివారము ఆ పిల్లవాని పెండ్లి. పత్రికలు పంచబడినవి, పందిరి గుంజలు పాతబడినవి, బియ్యపు బస్తాలు దిగినవి. "అయ్యగారూ, పిల్లగానికి బాప్తిస్మం కాలేదు. రేపు పొద్దుగాల్ల చెరువుల ఇయ్యుండ్రి. లేకుంటే గుడిల లగ్గం కాదంటున్నరు పెద్దలు" అని ఆ తండ్రి అనెను.

నేను ఆ యువకుని పరీక్షించితిని. పది ఆజ్ఞలు తప్పులేకుండ చెప్పెను. పరలోక ప్రార్థన చెప్పెను. విశ్వాస ప్రమాణము చెప్పెను. కడపట నేను, "బాప్తిస్మం ఎందుకు తీసుకుంటున్నవు బిడ్డా?" అని అడిగితిని. అతడు నేల చూచుచు, "ఎల్లుండి లగ్గం గదా అయ్యగారూ" అనెను.

ఆ బిడ్డ అబద్ధమాడలేదు. అబద్ధమాడినవాడను నేనే. మరునాడు తెల్లవారగానే చెరువులో దిగి, విశ్వాసమునుబట్టి నీకు బాప్తిస్మమిచ్చుచున్నానని పలికి అతనిని ముంచితిని. శనివారము పెండ్లి చేసితిని. పెండ్లి విందు బాగుండెను. తరువాత రెండు సంవత్సరములు అతడు మందిరపు గడప తొక్కలేదు.

ఈ సంగతి చాల కాలము నా మనస్సులో ముల్లువలె గ్రుచ్చుచుండెను. మన తెలంగాణ సంఘముల పూర్వ చరిత్రను చదువునప్పుడు ఆ ముల్లు మరింత లోతుగా దిగెను. ఏలయనగా సరిగా ఇదే తప్పిదమును గూర్చి ఇంచుమించు నూట అరువది యేండ్ల క్రిందట రష్యా చక్రవర్తి యేలుబడిలో కొందరు రైతులును చేతిపనివారును తమ సంఘ పెద్దలతో వాదించి, కడకు వేరై పోయిరి. వారి పిల్లలే మన నల్లగొండకు సువార్త పట్టుకొని వచ్చిరి. ఆ కథ మన కథయే గనుక వినుడి.

వారు ఎవరు?

వారికి మెన్నోనైట్లని పేరు. 1525 జనవరి 21న స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణములో కొందరు విశ్వాసులు, శిశువుగా పొందిన స్నానము చాలదు, ఎరిగి నమ్మినవాడే బాప్తిస్మము పొందవలెనని తీర్మానించుకొని ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకొనిరి. దానికి ఫలముగా శిక్షలు వచ్చెను. వారిలో ఫేలిక్స్ మాంజ్ అను యువకుని 1527 జనవరి 5న అదే పట్టణపు నదిలో చేతులు కట్టి ముంచి చంపిరి. నీళ్ళను గూర్చి వాదించినవానికి నీళ్ళే శిక్ష యని అధికారుల యెత్తిపొడుపు. తరువాత నెదర్లాండ్స్ ప్రాంతమున మెన్నో సైమన్స్ అను రోమను మత గురువు 1536లో తన పదవిని విడిచి, చెదరిన ఈ విశ్వాసులను మందగా కూర్చెను. ఆయన పేరే వారికి నిలిచెను.

శ్రమల మూలముగా వారు ఉత్తర దేశములకు తరలి, విస్తులా నది పల్లపు భూములలో తరతరములుగా సేద్యము చేసిరి. ఆ తరువాత రష్యా మహారాణి కేథరిన్ తన దక్షిణపు బీడు భూములను సాగుచేయుటకు విదేశీయులను పిలువగా, 1789లో ఖోర్టిత్సాయందును, 1804లో మొలొచ్నా నది యొడ్డునను వారు ఊళ్ళు కట్టుకొనిరి. ఆ ప్రదేశము నేటి ఉక్రెయిన్ దేశపు దక్షిణ భాగములో నున్నది. వారికి సైన్యములో చేరనక్కర లేకుండ సెలవు దొరికెను. వారి బడులు వారివి, వారి పంచాయతీ వారిది. ఒక్క కట్టడ మాత్రము ఉండెను. చుట్టునున్న రష్యా సంఘపు ప్రజలను తమ మతములోనికి త్రిప్పరాదు.

అక్షరము మారలేదు, అర్థము మారెను

శ్రమలు పోయి సుఖము వచ్చెను. గోధుమ పండెను, గొఱ్ఱెలు పెరిగెను, ఇండ్లు పెద్దవాయెను. మొలొచ్నాలో ఒక్కొక్క పూర్తి సేద్యపు కమతము 65 దెస్యాతీనులు, అనగా మన లెక్కను సుమారు 175 ఎకరములు. దానిని ముక్కలు చేయరాదను కట్టడ యుండుటచేత, ఒక కుమారునికి భూమి దక్కగా తక్కినవారు భూమి లేనివారైరి. 1860 నాటికి సగముకంటె ఎక్కువ కుటుంబములు భూమి లేనివే. భూమి లేనివానికి ఊరి సభలో ఓటు లేదు. ఆదివారము ఒకే బల్లమీద కూర్చుండువారు సోమవారము యజమానియు కూలివాడునై యుండిరి. త్రాగుడు పెరిగెను. పెండ్లిండ్లలోను సంతలలోను జరుగు అల్లరిని గద్దించు పెద్ద లేకపోయెను.

బాప్తిస్మము మాటకు వచ్చితిమా, అది వయస్సు వచ్చినవారికే యిచ్చుచుండిరి. పితరుల కట్టడ తప్పలేదు. అయితే పదునెనిమిది, ఇరువది యేండ్ల యువకులు ప్రశ్నోత్తరములు వల్లించి, పండుగ దినమున వరుసగా నిలువబడి బాప్తిస్మము పొందుచుండిరి. బాప్తిస్మము పొందనివానికి సంఘములో పెండ్లి లేదు. కనుక పెండ్లీడు వచ్చెనంటే బాప్తిస్మపు ఈడు వచ్చినట్లే.

ప్రియులారా, దీనిని గమనించుడి. వారి విశ్వాస ప్రమాణములో ఒక్క అక్షరమైనను ఎవరును కొట్టివేయలేదు. మెన్నోగారి గ్రంథములు ఇండ్లలో ఉండెను. బోధ పుస్తకములో చెక్కుచెదరక నుండెను. అయినను బోధ మారిపోయెను. సిద్ధాంతమును మార్చువాడు దానిని కొట్టివేయువాడు మాత్రమే కాదు. అక్షరములన్నిటిని భద్రముగా నుంచి, వాటిని ఆచారముగా నమ్ముకొనువాడును దానిని మార్చుచున్నాడు. ఏ బాప్తిస్మము నిమిత్తము పితరుడు నదిలో ప్రాణము విడిచెనో, ఆ బాప్తిస్మము మనుమనికి పెండ్లి చీటి యాయెను.

పదునెనిమిదిమంది

దేవుడు వారిని మేల్కొల్పుటకు బయటివానిని వాడుకొనెను. ఎడ్వర్డ్ వూస్ట్ అను జర్మను బోధకుడు 1845లో ఆ ప్రాంతమునకు వచ్చి, పొరుగునున్న లూథరను జనుల సంఘమునకు కాపరి యాయెను. పాపక్షమాపణను గూర్చియు కృపను గూర్చియు ఆయన చేయు బోధను వినుటకు మెన్నోనైట్లు బండ్లు కట్టుకొని పోవుచుండిరి. ఇండ్లలో లేఖన పఠనమును ప్రార్థనయు మొదలాయెను. వూస్ట్‌గారు 1859లో చిన్న వయస్సుననే మరణించిరి గాని వెలిగిన దీపము ఆరలేదు.

అదే సంవత్సరము ఈ ప్రార్థన కూటములవారు గ్నాడెన్‌ఫెల్డ్ సంఘ పెద్దయగు ఆగస్ట్ లెంజ్‌మన్ యొద్దకు పోయి, తమకు ప్రభురాత్రి భోజనము మరి తరచుగా, విశ్వాసులు మాత్రమే కూడియుండగా ఇమ్మని వేడుకొనిరి. ఆయన ఒప్పలేదు. మీకు వేరుగా బల్ల వేసినయెడల తక్కిన సంఘమంతయు విశ్వాసము లేనిదని తీర్పు తీర్చినట్లగును గదా యని ఆయన భావము. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అయితే అడిగినవారి దుఃఖమునకు అందులో జవాబును లేదు. వారు ఎలిజబెత్తాల్ అను ఊరిలో ఒక యింట కూడి, తామే రొట్టె విరిచిరి. ఊళ్ళన్నిటను అలజడి పుట్టెను. సంఘము వారిని పిలిచి విచారించెను.

1860 జనవరి 6వ తేదీన అదే ఎలిజబెత్తాల్‌లో ఒక పత్రము చదువబడెను. పదునెనిమిదిమంది గృహ యజమానులు దానిపై సంతకములు చేసిరి. అందలి సారాంశమిది: సంఘము దిగజారినది, కాపరులు చూచియు చూడనట్లున్నారు, కనుక మేము ప్రత్యేకపడుచున్నాము. బాప్తిస్మము వల్లించిన విశ్వాసముమీద గాక బ్రదికియున్న విశ్వాసముమీద ఇయ్యబడవలెను. ప్రభువు బల్ల విశ్వాసులకే. పాదములు కడుగుట ఆచరింపవలెను. పాపమును విడువనివానిని సంఘము వెలివేయవలెను. ఈ సంగతులన్నిటిలో మేము క్రొత్త బోధ తెచ్చినవారము కాము, మెన్నోగారు బోధించిన దానికే తిరిగి వెళ్ళుచున్నాము. ఈలాగు మెన్నోనైట్ బ్రదరెన్, అనగా మెన్నోనైట్ సహోదరుల సంఘము, పుట్టెను.

వేరైనవారి శ్రమలును తప్పులును

సంఘ పెద్దలలో అనేకులు ఆ పత్రమును వలస ప్రాంతపు పంచాయతీ కచేరీకి అప్పగించిరి. ఒకనాడు రాజుల చేత హింసింపబడినవారి మనుమలు, తమ సొంత సహోదరుల మీదికి అధికారులను పిలిచిరి. వేరైనవారికి వెలి కలిగెను. వర్తకము నిలిచెను. వలసవారికున్న హక్కులు తీసివేయుదుమని బెదిరింపులు వచ్చెను. కొందరు చెరసాల పాలైరి. యోహాన్ క్లాసెన్ అను సహోదరుడు రాజధానియగు సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పోయి, వ్రాతకోతలు నడిపి ఎంతో ప్రయాసపడెను. 1864లో గాని ప్రభుత్వము వారిని మెన్నోనైట్లుగానే ఎంచి హక్కులను నిలుపలేదు.

ఇంతవరకు చదివి, వేరైనవారే పరిశుద్ధులు, నిలిచినవారు పాపులు అని మనము తలంచినయెడల చరిత్రను సగమే చదివినవారమగుదుము. ఆ తొలి సంవత్సరములలో సహోదరులలో ఒక గాలి రేగెను. సంతోషము పేరట డప్పులు, గంతులు, కేకలు ప్రవేశించెను. అది ఆత్మ కార్యము కాదేమోనని సందేహించినవానిని ఆత్మను ఆర్పువాడనిరి. కొందరు నాయకులు తామే సంఘమైనట్లు, ఎదురాడినవారిని ఒకరి తరువాత ఒకరిని వెలివేసిరి. వెలి బాధను అనుభవించి వచ్చినవారే వెలిని కఱ్ఱవలె వాడిరి.

దేవుని కృప యేమనగా, వారు అక్కడనే నిలిచిపోలేదు. 1865 జూన్ మాసములో సహోదరులు కూడివచ్చి, జరిగినది తప్పని ఒప్పుకొనిరి. అల్లరి గంతులను మానిపించిరి. అన్యాయముగా వెలివేయబడినవారిని తిరిగి చేర్చుకొనిరి. వారి చరిత్రలో దీనిని జూన్ దిద్దుబాటు అని పిలుతురు. తల్లి సంఘమును దిద్దబోయినవారు అయిదు సంవత్సరములలోనే తమ్మును తాము దిద్దుకొనవలసి వచ్చెను. నా మట్టుకు నేను 1860 నాటి సంతకములకంటె 1865 నాటి ఒప్పుకోలునే గొప్పదిగా ఎంచుచున్నాను. ఇతరుల తప్పును చూపి సంతకము చేయుటకు ధైర్యము కావలెను. తన తప్పును ఒప్పుకొనుటకు ఆత్మ కావలెను.

తల్లి సంఘము చచ్చెనా?

చావలేదు. ఓర్లోఫ్ సంఘపు పెద్దయగు యోహాన్ హార్డర్ తక్కిన పెద్దలతో కలిసి వేరైనవారిని హింసింప నొల్లక, వారి పక్షమున న్యాయము మాటలాడెను. అన్నిటికంటె ఆశ్చర్యమేమనగా, ఏ గ్నాడెన్‌ఫెల్డ్ సంఘములో బల్ల నిమిత్తము జగడము పుట్టెనో, ఆ సంఘమే 1869లో హైన్రిక్ డిర్క్స్ అను తన కుమారుని మిషనరీగా ప్రతిష్ఠించి సుమత్రా దీవి పనికి పంపెను. రష్యా మెన్నోనైట్లలో మొదటి మిషనరీ ఆయనయే. వేరైన సహోదరులకంటె ఇరువది యేండ్లు ముందుగా, విడిచిపెట్టబడిన తల్లి సంఘమే దూర దేశమునకు సువార్త పంపెను!

దేవుడు వేరైనవారితో పోయెను, నిలిచినవారితోను నిలిచెను. ఏలీయా తానొక్కడనే మిగిలితినని మొఱ్ఱపెట్టినప్పుడు, బయలుకు మోకాళ్ళూనని ఏడువేలమంది కలరని ప్రభువు చెప్పలేదా? సంఘము చెడిపోయినదని ఏడ్చుట తప్పు కాదు. నేను తప్ప ఎవడును లేడనుట తప్పు.

మరియొక విధమైన దిగజారుట

ఇంకొక విధమైన పోరాటమును గూర్చి మీరు వినియుందురు. లండను నగరమందలి స్పర్జన్‌గారి పేరు మన పల్లె పాస్టర్లకును తెలిసినదే. 1887లో ఆయన తన మాసపత్రికయైన ‘ఖడ్గమును తాపీయు’లో, బాప్తిస్టు బోధకులలో కొందరు లేఖనముల ప్రేరణను, క్రీస్తు ప్రాయశ్చిత్తమును, నిత్య శిక్షను గూర్చిన బోధను సడలించుచున్నారని హెచ్చరించెను. ఆ సంవత్సరము అక్టోబరు 28న బాప్తిస్టు యూనియను నుండి తొలగిపోయెను. మరుసటి జనవరిలో యూనియను ఆలోచన సభ ఆయనను గద్దించుచు తీర్మానము చేసెను. ఆయన క్రొత్త సమాజము నేదియు స్థాపింపక, తన సంఘమునకు బోధించుచు 1892 జనవరి 31న నిద్రించెను.

మన తెలుగు దేశమునకు మిషనరీలను పంపిన అమెరికను ఉత్తర బాప్తిస్టులలోను ఇట్టి వాదము లేచెను. 1922లో ఇండియానాపోలిస్‌లో జరిగిన మహాసభలో, అందరును ఒక విశ్వాస ప్రమాణమును అంగీకరింపవలెనని సనాతన బోధ పక్షమువారు కోరిరి. క్రొత్త నిబంధనయే చాలునని ఎదుటి పక్షమువారు సవరణ తెచ్చిరి. సవరణకు 1,264 ఓట్లు, ఎదురుగా 637 ఓట్లు పడెను. చూచుటకు ఆ సవరణ ఎంతో భక్తిగల మాట. అయితే ఎవడు ఏమి నమ్మునో అడుగకుండుటకే ఆ మాటను వాడుచున్నారని ఓడినవారి బాధ. ఆ బాధ లోలోపల రగిలి, 1943లో వారిలో అనేకులు తమకు వేరుగా విదేశ మిషను సంఘమును ఏర్పరచుకొనిరి.

ఈ రెండును బోధలో దిగజారుటను గూర్చిన పోరాటములు. మొలొచ్నాలో జరిగినది బ్రదుకులో దిగజారుటను గూర్చినది. పల్లెలలో నుండు మనము, లేఖనములను సందేహించు పండితులు మన నడుమ లేరు గదా, మన సంఘము క్షేమమే అనుకొందుము. మొలొచ్నా పల్లెలలోను అట్టి పండితులు లేరు. మిరుగుడుపు తెగులు పైరును పాడుచేయునట్లే చీడయు పాడుచేయును. ఒకటి లేదని రెండవదానికి తలుపు తీయుదుమా?

నల్లగొండకు

ఇప్పుడు మన దేశమునకు వత్తము. రష్యా జనులకు సువార్త చెప్పరాదని కట్టడ యుండెను. సహోదరులు రక్షణ ఆనందమును దాచుకొనలేక దూర దేశములవైపు చూచిరి. వారిలో అబ్రహాము ఫ్రీసెన్, ఆయన భార్య మరియ అనువారు జర్మనీలో హాంబర్గ్ బాప్తిస్టు వేదాంత పాఠశాలయందు సిద్ధపడి, 1889లో అమెరికను బాప్తిస్టు మిషనుతో కలిసి పనిచేయుటకు బయలుదేరిరి. 1890లో నిజాము రాజ్యములోని నల్లగొండ వారికి సేవా స్థలమాయెను.

వెట్టి చాకిరిలో నడుములు విరిగిన జనము, ఊరి బయటి పేటలలో గుడిసెలు వేసికొని బ్రదుకు జనము వారి మాట వినిరి. వారి వెంబడి రష్యానుండి మరికొందరు వచ్చి సూర్యాపేటలోను జనగామలోను పాటుపడిరి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధమును, 1917లో రష్యా విప్లవమును వచ్చుటచేత ఆ దేశపు సహాయము ఆగిపోయెను. పంపిన సంఘములే చెదరిపోయెను. అమెరికను బాప్తిస్టులు ఆ పనిని మోసిరి.

1870 తరువాతి సంవత్సరములలో అమెరికాకు వలసపోయిన సహోదరుల బిడ్డలును ఊరకుండలేదు. 1899లో వారి మొదటి మిషనరీలు హైదరాబాదునకు వచ్చిరి. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, శంషాబాదు, కల్వకుర్తి, నారాయణపేట, మహబూబ్‌నగర్, గద్వాల మొదలైన చోట్ల పని వ్యాపించెను. 1907లో వచ్చిన కేథరినా షెలెన్‌బర్గ్ డాక్టరమ్మగారు రోగులకు పరిచర్య చేసి, 1945లో ఈ మన్నులోనే నిద్రించిరి. 1952లో జడ్చర్లలో వైద్యశాల లేచెను. పాలమూరు పల్లెలలో నేడు మ్రోగు గంటలలో అనేకము ఈ వేరు నుండి వచ్చినవే.

మన నిమిత్తము

ప్రియులారా, ఈ కథ నుండి నేను గ్రహించినది ఒక్కటే. సంఘము దిగజారినదని చెప్పువాని మాట నిజమా కాదా యని తెలిసికొనుటకు, అతడు ఎంత గట్టిగా అరచెనని చూడరాదు, ఎంతమందిని వెంటబెట్టుకొని పోయెనని చూడరాదు. అతడు మొదట ఇంటిలో అడిగెనా? తనకు దిద్దుబాటు వచ్చినప్పుడు తల వంచెనా? తన ఆసక్తిని తల్లి సంఘమును దూషించుటకు ఖర్చుపెట్టెనా, లేక సువార్త విననివాని యొద్దకు మోసికొని పోయెనా? మొలొచ్నా సహోదరులు ఈ మూడు పరీక్షలలో తడబడిరి గాని కడపట నిలిచిరి. కనుకనే మనకు సువార్త దక్కెను.

అయితే ఇది వేరై పోవువారికి మాత్రమే పరీక్ష కాదు. ఇంటిలో అడుగుటకు వచ్చినవానికి తలుపు తీయని పెద్దకును పరీక్షయే. నేడు మన పల్లెలలో యువకులు కొందరు మన ఆరాధనలో జీవము లేదని, పెద్దలు ఎన్నికలకును ఆస్తులకును పోరాడుచున్నారని చెప్పి వేరు మందిరములకు పోవుచున్నారు. వారిని గొఱ్ఱెల దొంగలు ఎత్తుకొనిపోయిరని మనము అందుము. కొన్ని చోట్ల అది నిజమే. కాని దొంగ వచ్చు రాత్రి కాపరి యేమి చేయుచుండెను? ఎఫెసు సంఘముతో ప్రభువు పలికిన మాటలను ప్రకటన గ్రంథము రెండవ అధ్యాయములో చదువుడి. అబద్ధ బోధకులను కనిపెట్టుటలో ఆ సంఘము గట్టిది. దాని బోధలో తప్పు దొరకలేదు. మొదటి ప్రేమయే పోయెను. దీపస్తంభమును తీసివేయుదునని ప్రభువు బెదిరించినది అట్టి సంఘమునే.

వేరైనవారి బిడ్డలమైన మనము ఇప్పుడు తల్లి సంఘపు స్థానములో కూర్చున్నాము. మన తాతలు ఊరివారి దెబ్బలకును వెలికిని ఓర్చుకొని బాప్తిస్మము పొందిరి. మనుమలకు మనము దానిని పెండ్లికి ముందు రోజు ఇచ్చుచున్నాము. మొలొచ్నాలో మూడు నాలుగు తరములలో జరిగినది మన యొద్దను అంతే కాలములో జరిగెను.

నా సంగతి ముగించి చెప్పెదను. ఈ చరిత్ర చదివిన పిమ్మట నేను అప్పటి సంఘ పెద్దలను కూర్చుండబెట్టి, పెండ్లి తేదీనిబట్టి ఇకమీదట బాప్తిస్మమియ్యనని చెప్పితిని. పెండ్లి వేరు, బాప్తిస్మము వేరు. విశ్వాసము లేని బిడ్డకు పెండ్లి ప్రార్థన చేయుదును గాని అబద్ధపు బాప్తిస్మమియ్యను అంటిని. ఇద్దరు పెద్దలు ఒప్పిరి, ఒకరు కోపించిరి. ఆ సంవత్సరమే ఒక కుటుంబము మా సంఘమును విడిచి, అడిగిన దినముననే బాప్తిస్మమిచ్చు మరియొక చోటికి పోయెను. ఆ యింటివారు నేటికిని నాతో మాటలాడరు. ఇది నాకు దుఃఖమే. కానుకల లెక్కలోను అది కనబడెను.

తరువాత ఒక దినము ఆ మొదటి యువకుని పొలమునకు పోయితిని. అతడు నీళ్ళు కట్టుచుండెను. గట్టుమీద కూర్చుండి, "నిన్ను ఆ దినం ముంచింది నా తప్పు బిడ్డా, నీది కాదు. నన్ను మన్నించు" అంటిని. అతడు చాల సేపు పలుకలేదు. పార చేత పట్టుకొని మడికి గండి తీసి, నీళ్ళు పారనిచ్చి, "నన్ను గా దినం ఎవ్వరన్న మల్ల ఒక్కసారి అడిగుంటె బాగుండు అయ్యగారూ" అనెను. ఆ మాట నేను మరువలేను. బిడ్డలు మనము అనుకొనునంత కఠినులు కారు. అడుగువారు లేక పోవుచున్నారు.

1960లో మెన్నోనైట్ సహోదరుల సంఘమునకు నూరేండ్లు నిండినప్పుడు, అమెరికాలో జరిగిన శతాబ్ది సభలో ఇతర మెన్నోనైట్ల ప్రతినిధి నిలువబడి, పూర్వము జరిగిన హింస నిమిత్తము క్షమాపణ వేడెను. సహోదరులును తమ పక్షపు తప్పులకు క్షమాపణ కోరిరి. ఒక్క మాటకు నూరు సంవత్సరములు పట్టెను. మన సంఘములలో అంత కాలము తీసికొనకుందుము గాక. ఈ ఆదివారము వెనుక వరుసలో కూర్చుండు యువకుని, రాక మానిన యువకుని, వేరు మందిరమునకు పోయిన యువకుని యింటికి పోవుదము. తీర్పు తీర్చుటకు కాదు, అడుగుటకు పోవుదము. ఆ పొలములోని యువకుడు ఇప్పుడు కొన్ని ఆదివారములు వచ్చి వెనుక వరుసలో కూర్చుండుచున్నాడని విన్నాను. నేను అతనిని తొందరపెట్టమని ఎవరికిని చెప్పలేదు. ప్రభువే అతనిని అడుగును.

మంద కాపరియైన యేసు మనలను, మన బిడ్డలను, మనలను విడిచిపోయినవారిని ఒక్క చేతితోనే పట్టుకొని నడిపించును గాక. ఆమేన్.